నాన్నగారి ఫియట్‌ని పుణె ఎలా పంపాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. మా నాన్నగారు 1985లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా పోర్టికోలోనే ఉంది. ఆయన పోయి అయిదు నెలలైంది. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం, నవంబరు నెలాఖరుకి ఖాళీ చేయాలి. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. కారు అమ్మడం ఇష్టం లేదు, నాతో తీసుకెళ్లిపోవాలని ఉంది. రెండేళ్లుగా దాన్ని ఎవరూ స్టార్ట్ చేయలేదు. ఓపెన్ ట్రైలర్ మీద అయితే 16 వేలు, నాలుగైదు కార్లతో కలిపి క్లోజ్డ్ కంటైనర్‌లో అయితే 27 వేలు, మా కారు ఒక్కదానికే బండి అయితే 78 వేలు అడుగుతున్నారు. అనకాపల్లిలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి తనే నడుపుకుంటూ తెస్తానంటున్నాడు. రైల్లో పంపొచ్చని ఇంకొకరు అన్నారు. ఏది మంచిది? దీన్ని వింటేజ్ కారుగా రిజిస్టర్ చేయించొచ్చా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఓపెనా, క్లోజ్డా, దేనికి ఎంత అని అడిగారు గానీ నేను మాత్రం ముందు ఇంకో లెక్క వేయమంటాను. మీ పోర్టికోలోంచి కదిలిన దగ్గర్నుంచి పుణెలో మీ పార్కింగ్‌లో ఆగేదాకా ఆ కారు స్టీరింగ్ ముందు ఎంతమంది కొత్తవాళ్లు కూర్చుంటారు? ఈ అంకె ఎంత తక్కువైతే మీ కారు అంత క్షేమం. ఓపెన్ బండా మూసిన బండా అనేది దీని తర్వాతి సంగతి.

ఎందుకంటున్నానంటే ఇది నాకు జరిగింది. ఎనిమిదేళ్ల కిందట మా అంబాసిడర్‌ని బెంగళూరు పంపాను. రేటు తక్కువని, మాట మర్యాదగా ఉందని ఒకరికి ఒప్పజెప్పాను. వాళ్లకి సొంత బండి లేదు, కారు తీసుకుని ఇంకొకరికి ఇచ్చే మధ్యవర్తులు అని నాకు తర్వాత తెలిసింది. గాజువాక దగ్గర ఒక యార్డులో ఆరు రోజులు ఎండలో పెట్టారు, దారిలో రెండుచోట్ల దించి వేరే బండ్లలోకి ఎక్కించారు, మూడు వారాలకి చేరింది. చేరాక చూస్తే మీటరు 64 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంది, క్లచ్ కాలిన వాసన కొడుతోంది, డ్రైవర్ సీటు కింద ఫ్లోర్ చిరిగి ఉంది. బెల్టు కొక్కెం తగిలించడానికి అక్కడ చోటు దొరికిందట వాళ్లకి. ఇన్సూరెన్స్ అని మూడు శాతం కట్టించుకున్నారు, తీరా అడిగితే అది వాళ్ల రబ్బరు స్టాంపు వేసిన రసీదే, ఏ కంపెనీ పాలసీ కాదు. ఆ రోజు నాకు కడుపు తరుక్కుపోయింది. అందులో ఒక్కటి కూడా హైవే మీద బండి పరిగెత్తేటప్పుడు జరిగింది కాదు, అన్నీ ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ యార్డులో ఉన్నప్పుడూ జరిగినవే.

మీ పద్మినికి ఈ బాధ ఇంకా ఎక్కువ. మన ఊళ్లో అందరూ ఫియట్ అని పిలిచే ఈ కారుకి గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉంటుంది. ఇప్పుడు ట్రైలర్ల మీద కార్లు ఎక్కించే కుర్రాళ్లలో చాలామంది ఆ గేరు ఎప్పుడూ వేసి ఉండరు. హ్యాండ్ బ్రేక్ సీట్ల మధ్య ఉంటుందనుకుని వెతుకుతారు, అది డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. చల్లటి ఇంజిన్ లేవాలంటే చోక్ లాగాలని తెలియక యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటారు. ర్యాంపు మీద సగం ఎక్కాక ఇంజిన్ ఆగి, బ్రేక్ సరిగా పట్టక, వెనక్కి జారితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అది వాళ్ల తప్పని నేననను, వాళ్లకి తెలియని కారు అది.

ఇప్పుడు మీరు చెప్పిన దారులు ఒక్కొక్కటీ చూద్దాం. రైలు సంగతి ముందు తేల్చేస్తాను. కార్లు మోసే గూడ్సు బండ్లు ఉన్న మాట నిజమే గానీ కంపెనీలు కొత్త కార్లని వందల లెక్కన, రైలు మొత్తం మాట్లాడుకుని పంపే పద్ధతి అది. మోటార్ సైకిల్ అయితే స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసుకి వెళ్లి లగేజ్ వ్యాన్‌లో వేయించుకోవచ్చు, ఒక్క కారుకి అలా కుదరదు. దాన్ని వదిలేయండి.

ఓపెన్ ట్రైలర్ 16 వేలకి ఎలా వస్తోందంటే దానికో కారణం ఉంది. పుణె దగ్గర చాకణ్‌లోనూ పింప్రీలోనూ కార్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి, అక్కడ నిండా ఎక్కించుకుని బయలుదేరిన ట్రైలర్లు మళ్లీ ఖాళీగా వెనక్కి పోవడం కన్నా దొరికిన కార్లు వేసుకుపోవాలని చూస్తాయి. అందుకే ధర తక్కువ. అదే కారణం వల్ల ఆ బండి నిండేదాకా కదలదు, మీ కారు యార్డులో ఎన్ని రోజులుంటుందో ఎవరూ చెప్పలేరు, హైదరాబాద్‌లో రెండు కార్లు దించాలంటే మీ కారుని కూడా కిందికి దించి మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు. కొత్త ఆల్టోకి ఇది పరవాలేదు, నేనే పంపించమంటాను. మీ కారుకి వద్దు.

నలుగురితో కలిపి పంపే క్లోజ్డ్ కంటైనర్ దగ్గరే చాలామంది మోసపోతారు. మూత ఉంది కదా, దుమ్మూ రాళ్లూ వానా తగలవు కదా అని ధైర్యం వస్తుంది. కానీ చేతులు మారే లెక్క చూస్తే దీనికీ ఓపెన్ ట్రైలర్‌కీ తేడా లేదు. అదే యార్డు, అదే నిండేదాకా ఆగడం, అదే దించడం ఎక్కించడం. పైగా మూసిన బండిలో లోపల ఏం జరిగిందో బయటికి కనపడదు. మీరు 11 వేలు ఎక్కువిచ్చి కొనుక్కునేది వానా దుమ్మూ తగలకుండా ఒక కప్పు, అంతే. రాయి తగిలితే పెయింటు పోతుంది, దాన్ని మళ్లీ వేయించుకోవచ్చు. గేర్ బాక్స్ విరిగినా, ఫ్లోర్ చిరిగినా వేరే కథ.

ఇక ఒక్క కారుకే బండి. మీ ఇంటి దగ్గర ఎక్కితే పుణెలోనే దిగుతుంది, మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఒకే డ్రైవర్, ఒకే ఫోన్ నంబరు. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కించేది మీ మనిషే, దించేది మీ మనిషే అని పట్టుబట్టొచ్చు, స్టీరింగ్ ముందు కొత్తవాళ్లు కూర్చునే లెక్క సున్నాకి వస్తుంది. నా ఓటు దీనికే. 78 వేలు చిన్న డబ్బు కాదని నాకు తెలుసు. అమ్మితే ఎంతొస్తుంది, దాన్ని మోయడానికి ఇంత పెడతారా అని చుట్టాలు అంటారు, అంటే అననివ్వండి, మీరు దాన్ని అమ్మడానికి తీసుకెళ్లడం లేదు. అయితే అప్పు చేసి మాత్రం పంపొద్దు. ఆ డబ్బు ఇప్పుడు భారం అనిపిస్తే కారుని ఒక ఏడాది అనకాపల్లిలో పెదనాన్నగారింట్లో షెడ్డు కింద ఉంచండి, వారానికోసారి స్టార్ట్ చేయించండి, కారు మీదే, ఎక్కడికీ పోదు. రేటు తగ్గించుకోవడానికి ఇంకో మార్గం, తారీకు మీరు పట్టుకుని కూర్చోకుండా పది పదిహేను రోజుల వెసులుబాటు ఇవ్వండి, పుణె వైపు ఖాళీగా వెళ్లే సింగిల్ బండి ఉన్నప్పుడు చెప్పమనండి. చాలాసార్లు తగ్గుతారు.

మీ అన్నయ్య నడుపుకుంటూ తెస్తానన్నది కూడా తీసి పారేసే మాట కాదు. నిజానికి కలిపి పంపే రెండు పద్ధతుల కన్నా నాకిదే మేలనిపిస్తుంది, ఎందుకంటే చేతులు మారడం ఉండదు. విజయవాడ దాకా 16వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్నుంచి హైదరాబాద్, షోలాపూర్ మీదుగా పుణెకి 65వ నంబరు, మొత్తం దాదాపు 1,200 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది. కానీ రెండేళ్లు కదలని 1,089 సీసీ కార్బురేటర్ ఇంజిన్‌ని సర్వీసు చేయించి నేరుగా అంత దూరం తీసుకెళ్లకూడదు. ముందు ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు మన చుట్టుపక్కల, భీమిలి, విజయనగరం తిప్పి చూడాలి, రేడియేటర్ గొట్టాలూ ఫ్యాన్ బెల్టూ పెట్రోల్ పైపులూ కొత్తవి వేయించాలి, తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదిరాక ఆపేస్తూ మూడు రోజుల్లో వెళ్లాలి, తోడు ఒక మెకానిక్ ఉంటే మరీ మంచిది. పెట్రోల్ పైపుల సంగతి గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, ఆ కాలం రబ్బరు దానికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కారులోని పెట్రోల్ పంపు లోపలి డయాఫ్రమ్ అనే పొర కూడా అంతే. నడిపి తెచ్చినా, బండిలో తెచ్చినా పుణెలో మీరు వాడబోయేది ఆ పెట్రోలే కాబట్టి ఈ పని ఎలాగూ చేయించుకోవాలి.

ఇక మీరు అడగనిది ఒకటి చెప్పాలి, నాకు అసలు టెన్షన్ ఇక్కడే. నాన్నగారు పోయి అయిదు నెలలైంది అన్నారు. ఆర్సీ, ఇన్సూరెన్స్ రెండూ ఆయన పేరు మీదే ఉండి ఉంటాయి. మోటార్ పాలసీ మీద పేరున్న మనిషి పోతే ఆ పాలసీ ఆయన పోయిన రోజు నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు తీరేదాకా, ఈ రెండిట్లో ఏది ముందొస్తే అప్పటిదాకా మాత్రమే నిలబడుతుంది. వారసుల పేరు మీదికి మార్చి ఉండకపోతే ఇవాళ మీ కారు మీద ఇన్సూరెన్స్ లేనట్టే. ఈ స్థితిలో దాన్ని ఎవరి బండి మీదా ఎక్కించకండి, వీధిలోకి కూడా తీయకండి.

కాబట్టి మొదటి పని ఆర్టీవో ఆఫీసులో. వారసత్వంగా పేరు మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారు, తోబుట్టువులు ఉంటే వాళ్లు అభ్యంతరం లేదని రాసిచ్చేది దగ్గర పెట్టుకోండి. మూడు నెలల్లోపు చేయాల్సిన పని ఇది, ఆలస్యానికి కొంత కట్టమంటే కట్టేయండి. అలాగే ఆర్సీ గడువు చూడండి. పదిహేనేళ్లు దాటిన కారుకి అయిదేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది, రెండేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదంటే అది దాటిపోయి ఉండొచ్చు. దాటితే ఇక్కడే చేయించుకోండి, పుణె వెళ్లాక ఇక్కడి కాగితాల కోసం సెలవులు పెట్టుకుని తిరగడం నరకం.

పేరు మార్పిడి దరఖాస్తుతో ఇన్సూరెన్స్ కాగితం కూడా ఇవ్వాలి కాబట్టి కొత్త పాలసీ కూడా దానితో పాటే తీసుకోండి. పాత కారు కదా అని ఏజెంట్ థర్డ్ పార్టీ ఒక్కటే చేసి పంపేస్తాడు, ఒప్పుకోవద్దు. థర్డ్ పార్టీలో మీ కారుకి జరిగిన నష్టానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ కూడా ఉన్న ప్యాకేజీ పాలసీ అడగండి, అందులో రోడ్డు మీదో రైల్లోనో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించేటప్పుడు జరిగే నష్టం కూడా కలిసే ఉంటుంది, ఆ వాక్యం పాలసీ కాగితంలో మీ కళ్లతో చూసుకోండి. అయిదేళ్లు దాటిన బండి విలువ, అదే ఐడీవీ, ఇన్సూరెన్స్ కంపెనీ, మీరు మాట్లాడుకుని ఖాయం చేసుకునేది. వాళ్లు వేసిన అంకెకి తల ఊపేయకుండా కారు ఫోటోలు, సర్వీసు బిల్లులు చూపించి అడగండి. ఒక కంపెనీ ఇవ్వనంటే ఇంకో కంపెనీకి వెళ్లండి, ఓపిక కావాలి.

ఇంత చేశాక ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు అమ్మే ఇన్సూరెన్స్‌తో మీకు పెద్దగా పని ఉండదు. తీసుకుంటే మాత్రం మీ పేరు, కారు నంబరు ఉన్న పాలసీ కాగితం కారు కదలక ముందే చేతికి రావాలి, రసీదు చాలదు.

ఎప్పుడు పంపాలి అనే దానికొస్తే, అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని కార్ల మీద చెట్లు పడ్డాయో మీరూ చూసే ఉంటారు. ఆ హడావుడిలో, ఇల్లు ఖాళీ చేసే కంగారులో, అదే వారంలో కారు కూడా పంపేయాలనుకోకండి. తొందర ఉందని తెలిస్తే రేటు పెరుగుతుంది, ఎదురు అడగలేరు. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్ అయ్యాక నవంబరులో దాన్ని అనకాపల్లి చేర్చండి, సంక్రాంతి వెళ్లాక అక్కణ్నుంచి పంపండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. సీతమ్మధార సందుల్లోకి కంటైనర్ బండి రాదు, పగలు ఊళ్లోకి పెద్ద బండ్లని రానివ్వరు కూడా, అప్పుడు మీ కారుని ఎవరో ఎన్ఏడీ దాకో షీలానగర్ దాకో నడిపి తీసుకుపోతామంటారు, ఆ నడిపే మనిషి దగ్గరే మొదటి ప్రమాదం. అనకాపల్లిలో అయితే హైవే పక్కనే, వెడల్పాటి జాగాలో, పొద్దున్నే వెలుతురు వచ్చాక తాపీగా ఎక్కించుకోవచ్చు. పైగా మీ అన్నయ్య అక్కడే ఉంటాడు.

ఈలోగా కారుని నిద్ర లేపాలి. లేవని కారుని ఎక్కించాలంటే పదిమంది చేతులు వేసి తోస్తారు, డిక్కీ మీద, మడ్‌గార్డుల మీద సొట్టలు అలాగే పడతాయి. పాత పెట్రోల్ తీసేయించి ట్యాంకు కడిగించండి, కార్బురేటర్ శుభ్రం చేయించండి, నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లు విప్పి చూపించండి, మన సముద్రపు గాలికి రెండేళ్లు కదలకపోతే అవి పట్టేస్తాయి. టైర్లు గుండ్రంగా కనపడుతున్నాయని నమ్మొద్దు, పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. పాతబడి ఉంటే మార్చండి.

కారుని పైకి ఎత్తినప్పుడు కింద నిలబడి మీరూ చూడండి. ఈ కారుకి లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు, బాడీ మొత్తం ఒకటే డబ్బా. ఫ్లోర్, పక్క అంచులు, జాకీ పెట్టే చోట్లు తుప్పు తింటే కారు బలమే పోయినట్టు. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి చూడమనండి, మొద్దు చప్పుడు వచ్చిన చోట లప్పం పెట్టి రంగు వేసి ఉంటారు. అలాంటి చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి, అక్కడ జాకీ పెట్టకూడదు, కొక్కెం తగిలించకూడదు.

బెల్టులు కట్టేటప్పుడు మీ అన్నయ్య పక్కనే ఉండాలి. బెల్టు చక్రం మీదుగా, టైరుని పట్టి కట్టాలి. చక్రం కదలకుండా ఉంటే పైనున్న బాడీ తన స్ప్రింగుల మీద తను ఊగుతుంది, ఏమీ కాదు. అలా కాకుండా బాడీకి కొక్కెం వేసి కిందికి బిగిస్తే బండి గతుకులో పడ్డ ప్రతిసారీ ఆ లాగుడంతా ఆ ఒక్క రేకు మీద పడుతుంది, మా అంబాసిడర్ ఫ్లోర్ అలాగే చిరిగింది. కారు గేరులో ఉండాలి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు మేకులతో కొట్టి ఉండాలి, హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. విన్చ్‌తో, అంటే తాడు చుట్టి లాగే యంత్రంతో, లాగాల్సి వస్తే బంపర్‌కి మాత్రం తగిలించనివ్వకండి.

మీ ఒక్క కారుకి 20 అడుగుల కంటైనర్ బండి వస్తే దాని లోపల పొడవు దాదాపు 5.9 మీటర్లు, వెడల్పు 2.35 మీటర్లు. మీ కారు పొడవు 4 మీటర్ల లోపే, వెడల్పు మీటరున్నర కూడా లేదు. అంటే మధ్యలో సరిగ్గా పెడితే అటూ ఇటూ అర మీటరుకి కాస్త తక్కువ మిగులుతుంది, కాస్త సన్నటి మనిషి తలుపు కొద్దిగా తీసుకుని బయటికి రావచ్చు, ఎక్కించే ముందు ఇంటి దగ్గరే గోడ పక్కన పెట్టి ప్రయత్నించి చూడండి. ముందో వెనకో రెండు మీటర్ల ఖాళీ ఉంటుంది, మీ ఇంటి సామాను కూడా అందులో పడేద్దాం అంటారు. వద్దు. ఒక్క బీరువా కదిలినా మీ కారు మీదకే వస్తుంది.

మూసిన బండిలో కారుకి గుడ్డ కవర్ తొడగొద్దు, దుమ్ము మీద అది మూడు రోజులు ఒరుసుకుంటే సాండ్ పేపర్ పెట్టి రుద్దినట్టే. పెట్రోల్ నాలుగైదు లీటర్లు చాలు, ఎక్కించాక బ్యాటరీ వైరు తీసేయండి. చక్రాల క్యాపులు, రేడియో, పోగొట్టుకుంటే మళ్లీ దొరకని చిన్న చిన్న వస్తువులు విప్పి మీతో పట్టుకెళ్లండి. ఆర్సీ ఒరిజినల్ కారులో పెట్టొద్దు, జిరాక్సులు చాలు, సొంత వాడకానికి తరలిస్తున్నామని ఒక ఉత్తరం రాసి ఇవ్వండి.

ఎవరికిచ్చినా ఈ రెండు ప్రశ్నలు సూటిగా అడగండి: బండి మీ సొంతమా, మధ్యలో బండి మారుతుందా? సొంతమంటే నంబరు ముందు రోజే ఇమ్మనండి, ఎంపరివాహన్ యాప్‌లో వేస్తే యజమాని పేరులో కొన్ని అక్షరాలు, ఫిట్‌నెస్ ఉందో లేదో కనపడతాయి. పెద్ద పేరున్న కంపెనీ పేరుకి ఒక అక్షరం అటూ ఇటూ మార్చి పెట్టుకున్నవాళ్లు ఈ వ్యాపారంలో ఉన్నారు, ఆఫీసుకి వెళ్లి చూడకుండా ఫోన్ మీద అడ్వాన్సు కొట్టకండి. డబ్బు కొంత ఎక్కించాక, మిగతాది దించి చూసుకున్నాక. దారిలో ఫోన్ చేసి ఇంకో పది వేలు వేస్తేనే దించుతామనే రకం కూడా ఉంటారు కాబట్టి మొత్తం కిరాయి, టోల్, లోడింగ్, అన్‌లోడింగ్ అన్నీ కలిపి ఇంత అని కాగితం మీద ఉండాలి.

ఆ కాగితం ఎల్ఆర్, లారీ రసీదు. వాట్సాప్ కొటేషన్ దానికి సాటి రాదు. కారు నంబరు, మీటరు రీడింగు, బండి నంబరు, మధ్యలో బండి మార్చరు అనే మాట, కారు విలువ, ఇవి దాని మీద రాయించండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు పాడైతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల నిర్లక్ష్యం అని మీరు రుజువు చేయక్కర్లేదు, కానీ వాళ్ల బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది, ఎక్కువ విలువ చెప్పి దానికి తగ్గ ఎక్కువ రేటు ఒప్పుకుంటే తప్ప. 16 వేల కిరాయికి పది రెట్లంటే 1,60,000. ఇంకోటి, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కోర్టుకి వెళ్లే హక్కు పోతుంది. నేను ఫోన్లు చేస్తూ, రేపూ మాపూ అంటే నమ్ముతూ ఆ గడువు దాటించేశాను. మీరు ఆ పొరపాటు చేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా గుర్తుంచుకోండి.

కడిగిన కారుకి, ఎక్కించే ముందు, పగటి వెలుతురులో చుట్టూ తిరుగుతూ ఒక వీడియో తీయండి, మీటరు, ఇంజిన్, డిక్కీ అన్నీ అందులో రావాలి. పుణెలో రాత్రి పదింటికి వచ్చాం, త్వరగా దించుకోండి, సంతకం పెట్టండి అంటే ఒప్పుకోవద్దు, తెల్లారేదాకా ఆగమనండి. ఏదైనా కనపడితే సంతకం చేసే కాగితం మీదే అది రాసి, దాన్ని ఫోటో తీసుకుని, తర్వాత సంతకం. దించాక వెంటనే నడిపేయకుండా చక్రాల నట్లు, బ్రేకు ఆయిల్, కింద కారడం ఏమైనా ఉందా చూసుకుని, మెల్లగా ఒక వీధి తిప్పండి.

వింటేజ్ అని అడిగారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, మీ కారుకి 2035 దాకా ఆగాలి. అది వచ్చినా రోజువారీ తిరగడానికి వాడకూడదు, మీకు అది కావాలనుకోను. మహారాష్ట్రలో 12 నెలలు దాటి ఉంచితే మాత్రం అక్కడి నంబరు తీసుకోవాలి, దానికి మన ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి, దాని దరఖాస్తు ఫారం 28. అక్కడే ఉండిపోతామని గట్టిగా అనుకుంటే పేరు మార్పిడి అయ్యాక బయలుదేరే ముందు అది కూడా తీసేసుకోండి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఈ కార్లు తయారైంది బొంబాయి కుర్లాలో. అక్కడ నలుపు పసుపు టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగాయి. అందుకని సామాన్లకీ, వాటిని కళ్లు మూసుకుని విప్పి బిగించగల ముసలి మెకానిక్కులకీ మీరు విశాఖలో కన్నా పుణెలో ఉంటేనే దగ్గర.

మీరు ఆ కారు నడుపుతారో లేదో ఉత్తరంలో రాయలేదు. నడపకపోతే ఈ సెలవుల్లో అనకాపల్లిలో మీ అన్నయ్య దగ్గర ఆ గేరు నేర్చుకోండి, ఎక్కించేది ఆయనైతే పుణెలో దించేది మీరు కావచ్చు. పేరు మార్పిడి కాగితాలు చేతికొచ్చాక, ఎల్ఆర్ మీద సంతకం పెట్టే ముందు దాని ఫోటో ఒకటి నాకు పంపండి, చూసి చెబుతాను.